డేటాకు ఆకారం చాలు, ప్రతిదానికీ క్లాసెందుకు?

నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే చిన్న యూనిట్‌కు టైప్‌స్క్రిప్ట్‌లో బిల్లింగ్ అప్లికేషన్ రాస్తున్నారనుకుందాం. బిల్లు నంబరు, తేదీ, కొన్నవారి జీఎస్టీ నంబరు, సరుకు, మొత్తం: ఉండేవి ఈ అయిదే. కానీ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో జావా నేర్చుకుని వచ్చే మన పిల్లల చెయ్యి ముందు క్లాసు మీదికే పోతుంది. ప్రతి వివరానికీ ప్రైవేట్ ఫీల్డు, గెట్టరు, సెట్టరు, అన్నిటినీ నింపడానికి కన్‌స్ట్రక్టరు. చూస్తుండగానే ఫైలు పేజీ దాటిపోతుంది.

అందులో చాలామటుకు అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరులో బయటపెట్టిన టైప్‌స్క్రిప్ట్, జావాస్క్రిప్ట్ మీద వేసిన టైపుల పొర. కంపైల్ అయ్యాక ఆ టైపులు చెరిగిపోతాయి, బ్రౌజర్‌కు చేరేది ఉత్త జావాస్క్రిప్టే. బిల్లుకు ఏయే ఫీల్డులు ఉండాలో ఒక ఇంటర్‌ఫేస్‌లో అయిదు లైన్లు రాస్తే కంపైలర్‌కు కావలసినదంతా అందినట్టే.

అసలు చిక్కు సర్వర్ నుంచి బిల్లు వచ్చినప్పుడు బయటపడుతుంది. జేసన్‌ను విప్పితే వచ్చేది మామూలు ఆబ్జెక్టు, మీ క్లాసుకు పుట్టినది కాదు. దాన్ని "యాజ్ బిల్లు" అని రాసేస్తే కంపైలర్ మీ మాట నమ్మి ఊరుకుంటుంది. తర్వాత క్లాసులోని మెథడ్‌ను పిలవగానే, అలాంటి ఫంక్షనే లేదని బ్రౌజర్‌లో కోడు ఆగిపోతుంది. తేదీ సంగతీ అంతే. జేసన్‌లో తేదీ అనే రకమే లేదు. "2025-04-01" అన్నది అక్షరాల వరసగానే వస్తుంది. ఇంటర్‌ఫేస్‌లో దాన్ని స్ట్రింగ్ అనే రాయడం నిజాయితీ.

మరి లెక్కలు ఎక్కడ పెట్టాలి? విడి ఫంక్షన్లలో. జీఎస్టీ నంబరుకు 15 అక్షరాలు, మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడు: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మన యూనిట్ తెలంగాణలోదే కాబట్టి, కొన్నవారిదీ 36 అయితే సాధారణంగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, లేకపోతే ఐజీఎస్టీ. బిల్లు తీసుకుని పన్ను రకం తిరిగిచ్చే ఫంక్షన్‌కు రెండు మూడు లైన్లు చాలు. సర్వర్ పంపిన బిల్లయినా, పరీక్ష కోసం చేత్తో రాసిన బిల్లయినా దానికి ఒకటే.

కొత్త బిల్లు ఫారానికి ఇంకా నంబరు ఉండదు. దానికోసం మరో క్లాసు రాయొద్దు. టైప్‌స్క్రిప్ట్‌లోనే ఉన్న ఓమిట్‌తో నంబరును తీసేస్తే కొత్త టైపు సిద్ధం. కొన్ని ఫీల్డులనే సవరించాలంటే పార్షియల్ ఉంది.

క్లాసును పూర్తిగా వదిలేయమనడం లేదు. గోదాములో నిల్వ సున్నాకు దిగువకు పోకూడదంటే, ఆ నియమాన్ని కాపాడే క్లాసు ఉండాల్సిందే. అప్పుడు కూడా కన్‌స్ట్రక్టర్ బ్రాకెట్లోనే పబ్లిక్, ప్రైవేట్ అని రాస్తే ఫీల్డును వేరేగా ప్రకటించి, మళ్లీ విలువ నింపే పని తప్పుతుంది.

పాత కోడును మార్చాలంటే మెథడ్లు అతి తక్కువున్న క్లాసుతో మొదలుపెట్టండి. దాన్ని ఇంటర్‌ఫేస్‌గా మార్చగానే, "న్యూ" అని రాసిన ప్రతి చోటా కంపైలర్ ఎర్రగీత గీసి చూపిస్తుంది.