రాడ్డు పొడుగు

మా అక్కవాళ్ళు కొత్తగా కట్టుకున్న ఇంట్లో హాలు 16 అడుగుల ఎత్తు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళందరూ తలెత్తి చూసి మురిసిపోయారు. మే నెల వచ్చింది. ఫ్యాను అయిదు మీద పెట్టారు, రెక్కలు కంటికి ఆనడం లేదు. అయినా కింద కూర్చున్న బావగారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నారు. “ఫ్యాను మంచిది కాదేమోరా, ఇంకోటి కొనమంటావా?” అని అడిగింది అక్క. ఫ్యానులో ఏ లోపమూ లేదు. అట్టపెట్టెలో వచ్చిన అడుగు రాడ్డుకే దాన్ని బిగించారు, అంతే. రెక్కలు నేలకు 14 అడుగుల పైన తిరుగుతున్నాయి. ఆ గాలి మనిషి దాకా రావడానికి చాలా దూరం ఉంది.

ఈ దూరం సంగతి కరెంటు లేని కాలంలోనే తెలుసు. అప్పట్లో కోర్టుల్లో, కలెక్టరు కచేరీల్లో, దొరల బంగళాల్లో గుడ్డ పంకాలు వేలాడేవి. పొడవాటి చెక్క చట్రం, దాని అంచుకు కుచ్చుల గుడ్డ. దాని తాడు కప్పీ మీదుగా, గోడలోని కన్నం గుండా వరండాలోకి వెళ్ళేది. అక్కడ ఒక మనిషి కూర్చుని గంటల తరబడి లాగుతుండేవాడు. చేతులు పడిపోతే వెల్లకిలా పడుకుని, తాడు కాలికి కట్టుకుని లాగేవాడు. లోపలివాళ్ళకు చల్లగాలి, అతనికి వరండాలో వడగాలి. ఈ యంత్రం కథ ఎప్పుడు తలుచుకున్నా నాకు ముందు అతనే గుర్తొస్తాడు.

ఆ భవనాల కప్పులు చాలా ఎత్తు. వేడిగాలి పైకి చేరి, కప్పు కింది వెంటిలేటర్లలోంచి బయటికి పోవాలని అలా కట్టారు. అయితే పంకాను మాత్రం కప్పుకు అంటించి కట్టలేదు. పొడుగు తాళ్ళతో కిందికి దింపి, గుడ్డ అంచు తలలకు కాస్త పైన ఊగేలా వేలాడదీశారు. కప్పు ఎత్తు వేడి కోసం, పంకా ఎత్తు మనిషి కోసం. ఆ రెండూ వేరు వేరు లెక్కలని వాళ్ళు గుర్తుపెట్టుకున్నారు.

కప్పుకు వేలాడుతూ గుండ్రంగా తిరిగే ఫ్యాను అమెరికాలో పుట్టింది. మొదట్లో దానికీ కరెంటు లేదు. పారే నీటితో ఒక చక్రం తిప్పి, ఆ తిప్పుడును బెల్టుల ద్వారా కప్పు కిందికి తెచ్చి, వరసగా అమర్చిన రెక్కలను తిప్పేవారు. దుకాణాల్లో, భోజనశాలల్లో ఒకే బెల్టు మీద చాలా ఫ్యాన్లు ఆడేవి. ఆ తరవాత వచ్చినవాడు ఫిలిప్ డీల్. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళి, న్యూజెర్సీలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసిన ఇంజనీరు. కుట్టుమిషనుకు విద్యుత్ మోటారు తయారుచేసిన ఆయనే, 1880లలో అలాంటి మోటారునే కప్పుకు వేలాడదీసి రెక్కలు తొడిగాడు. బెల్టులు పోయాయి, ప్రతి ఫ్యానూ దానంతట అదే తిరగడం మొదలైంది. తరవాత దానికి దీపం కూడా జతచేశాడు. మన అమ్మమ్మల ఇళ్ళలో ఒకే గదిలో కుట్టుమిషనూ ఫ్యానూ కనపడితే, ఆ రెండూ ఒక రకంగా తోబుట్టువులే.

నికొలా టెస్లా 1888లో పేటెంటు పొందిన ఇండక్షన్ మోటారు ఈ యంత్రాన్ని ఇంటింటికీ చేర్చింది. అందులో అరిగిపోయే బ్రష్షులు లేవు. సీలింగ్ ఫ్యానులో ఆ మోటారును లోపలిది బయటికి తిప్పి అమర్చారు. మామూలు మోటారులో నడుమనున్న ఇరుసు తిరుగుతుంది, చుట్టూ ఉన్న తొడుగు కదలదు. ఫ్యానులో ఇరుసు కదలదు, తొడుగు తిరుగుతుంది. కుమ్మరి సారె కూడా అంతే, కింద పాతిన మొన కదలదు, పైన చక్రం గిర్రున తిరుగుతుంది. ఇరుసు కదలదు కాబట్టే దాన్ని బోలు రాడ్డుకు బిగించి, ఆ రాడ్డు లోపలినుంచి వైర్లు దించగలుగుతున్నాం. మన మెకానిక్కులు కండెన్సర్ అని పిలిచే చిన్న డబ్బా ఆ మోటారును మొదట కదిలిస్తుంది. అది నీరసిస్తే ఫ్యాను మందంగా తిరుగుతుంది, లేదా కర్రతో నెడితే గాని లేవదు. ఫ్యాను పాడైందని అనుకునే ముందు కండెన్సర్ మార్చి చూడాలి.

ఇక గాలి సంగతి. రెక్కలు కిందికి తోసిన గాలి ఒక స్తంభంలా దిగుతుంది. దిగుతున్నకొద్దీ చుట్టూ నిలిచి ఉన్న గాలిని తనతో కలుపుకుంటుంది. కలిసిన గాలి పెరిగేకొద్దీ బరువు పెరిగి వేగం తగ్గుతుంది. పరుగెత్తే బండిలోకి దారిపొడుగునా మనుషులు ఎక్కుతుంటే బండి నెమ్మదించినట్టు. చివరికి నేలకు తగిలి నలువైపులా పాకుతుంది. ఎత్తయిన హాల్లో దూరమే ఈ గాలిని తినేస్తుంది. దానికి తోడు ఎండకు కాగిన స్లాబు కింద వేడిగాలి పేరుకుని ఉంటుంది. స్లాబుకు దగ్గరగా ఉన్న ఫ్యాను ముందు దాన్నే పీల్చి కిందికి తోస్తుంది. రెక్కలకు, కప్పుకు నడుమ కనీసం అడుగు జాగా లేకపోతే పీల్చుకోవడానికి గాలే సరిగా అందదు.

కాబట్టి రాడ్డు లెక్కను కప్పు నుంచి కాక నేల నుంచి మొదలుపెట్టాలి. రెక్కలు నేలకు సుమారు 9 అడుగుల ఎత్తున ఉంటే గాలి బాగా తగులుతుంది, చెయ్యెత్తినా ప్రమాదం ఉండదు. గది ఎత్తులోంచి ఆ 9 అడుగులు తీసెయ్యాలి, ఫ్యాను సొంత ఎత్తు ముప్పావు అడుగు తీసెయ్యాలి, మిగిలిందే రాడ్డు. 12 అడుగుల గదికి రెండడుగులు, 14 అడుగుల గదికి నాలుగు, 16 అడుగుల గదికి ఆరు. పెట్టెలో వచ్చే అడుగు రాడ్డు 10 అడుగుల స్లాబు కోసం తయారైంది. ఇప్పటికీ పాత కోర్టు హాళ్ళలో, పెద్ద రైల్వే స్టేషన్లలో ఎక్కడో పైనున్న కప్పు నుంచి సన్నని రాడ్డుకు చాలా కిందికి దిగి తిరిగే ఫ్యాన్లు కనిపిస్తాయి. వాటిని బిగించినవాళ్ళకు ఈ లెక్క తెలుసు.

పొడుగు రాడ్డుకు భయం కూడా కొంత ఉండాలి. రెక్కల బరువుల్లో కొంచెం తేడా ఉన్నా పొట్టి రాడ్డు మీద కనపడదు, పొడుగు రాడ్డు మీద అదే లోలకంలా ఊగుతుంది. అందుకే మందమైన గొట్టం కావాలి. రెండు ముక్కలు వెల్డింగు చేసి అతికిన రాడ్డును మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దనండి. స్లాబులోని హుక్కు, నట్టు జారకుండా వేసే పిన్ను, రెక్కల స్క్రూలు మనిషి ప్రాణానికి సంబంధించినవి. దగ్గరుండి చూసుకోవాలి.

తరవాత రెక్కల సైజు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది 1200 మిల్లీమీటర్లది. పెద్ద హాలుకు 1400 మిల్లీమీటర్లది నయం, హాలు పొడుగ్గా ఉంటే రెండు ఫ్యాన్లు పెట్టుకోవాలి. కొట్టులో చాలామంది నిమిషానికి ఎన్ని చుట్లు అని అడుగుతారు. అడగాల్సింది ఎంత గాలి ఇస్తుంది, దానికి ఎన్ని వాట్లు తాగుతుంది అని. ఫ్యానుకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అదే ఫ్యాను వేగాన్ని అయిదింట నాలుగు వంతులకు తగ్గిస్తే, రెక్కలకు కావలసిన శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. పెద్ద రెక్కలు నిదానంగా తిరిగితే తక్కువ కరెంటుకు ఎక్కువ గాలి వస్తుంది.

పాత రకం 75 వాట్లు తీసుకునే చోట, అయస్కాంతాలూ ఎలక్ట్రానిక్ సర్క్యూటూ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూ సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటల లెక్కన ఏడాదిలో 300 రోజులు తిరిగితే, ఒక్క ఫ్యాను మీద 160 యూనిట్లకు పైగా మిగులుతాయి. 2023 జనవరి నుంచి మన దేశంలో సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. వాటుకు ఎంత గాలి వస్తుందన్నదాన్ని బట్టే ఆ స్టార్లు ఇస్తారు.

పెద్ద రెక్కల సూత్రాన్ని చివరి దాకా తీసుకెళ్ళినది కాలిఫోర్నియాలో పాడి ఆవుల కోసం 1990లలో వచ్చిన ఫ్యాను. ఎండకు ఆవులు డస్సిపోయి పాలు తగ్గుతుంటే, కొట్టం మొత్తానికీ నెమ్మదిగా గాలి పంచే మహా రెక్కలు తయారుచేశారు. అవి 24 అడుగుల వ్యాసం దాకా ఉంటాయి. అవే ఇప్పుడు మన ఫ్యాక్టరీల్లో, రైల్వే స్టేషన్లలో నిదానంగా తిరుగుతున్నాయి. గొడ్లచావిడి నుంచి మనుషుల దాకా వచ్చిన గాలి అది.

ఎంత మంచి ఫ్యానయినా గదిని చల్లబరచదని తెలుసుకోవాలి. ఒంటి చుట్టూ పేరుకున్న వెచ్చని గాలిని తోసేసి, చెమటను ఆరనిస్తుంది, అంతే. మనిషి లేని గదిలో తిరిగితే మోటారు వేడి గదికే చేరుతుంది. మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్ళో చెమట ఆరాలంటే ఫ్యాను ఉండి తీరాలి. రెంటచింతల లాంటి చోట పొడి ఎండ 45 డిగ్రీలు దాటితే, గాలి ఒంటికన్నా వేడిగా ఉంటుంది, ఫ్యాను ఆ వేడినే తెచ్చి ఒంటికి కొడుతుంది. అందుకే పెద్దవాళ్ళు కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, నీళ్ళు చల్లి, ఆ మీదట ఫ్యాను వేసుకునేవారు.

అక్కవాళ్ళ ఫ్యాను మార్చలేదు. ఆరడుగుల గట్టి రాడ్డు ఒకటి తెప్పించాం. ఎలక్ట్రీషియన్ హుక్కు లాగి చూసి, పిన్ను రెండు కొసలూ విడదీసి వంచి, రెక్కలు సరిచూసి స్విచ్చి వేశాడు. అయిదు మీదున్న రెగ్యులేటరును కాసేపటికి అక్కే మూడుకు తగ్గించింది. బావగారి చేతిలో పేపరు రెపరెపలాడింది, తువ్వాలు కుర్చీ మీదే ఉండిపోయింది.