దూరపు పరుగు – వారపు లెక్క

సూర్యాపేటనుండి మునగాల మీదుగా కోదాడకు పోవు జాతీయ రహదారి పొడవు నలువది కిలోమీటర్లకు పైచిలుకు. మారథాను అను దూరపు పరుగునకు విధింపబడిన దూరము 42.195 కిలోమీటర్లు. అనగా, బస్సులో కూర్చుండి కిటికీనుండి చేలను చూచుచు మనము దాటిపోవు బాటను ఇంచుమించు ఆసాంతము కాళ్లతో పరుగెత్తుట యన్నమాట. ఇది వినినంతనే “ఆడవారికి ఇదేమి పని?” అను ప్రశ్న కొందఱి నోట వెలువడవచ్చును.

ఆ ప్రశ్న క్రొత్తది కాదు. 1967వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమున కాథరిన్ స్విట్జరు అను యువతి పందెపు అంకె ధరించి పరుగెత్తుచుండగా, నిర్వాహకులలో ఒకడు మీదికి వచ్చి ఆమెను బాటనుండి లాగివేయ జూచెను. ఆమె నిలువక పరుగు ముగించెను. అయిదేండ్లకు, 1972లో, ఆ పందెమున స్త్రీలకు ప్రవేశము లభించెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల మారథాను 1984లో మొదలయ్యెను. అందు జోన్ బెనోయిట్ 2 గంటల 24 నిమిషముల 52 సెకండ్లలో గమ్యమును చేరి ప్రథమురాలయ్యెను. మన దేశపు ఓ. పి. జైషా 2015లో బీజింగు నగరమున ఈ దూరమును 2 గంటల 34 నిమిషముల 43 సెకండ్లలో పరుగెత్తెను. కావున స్త్రీకి చేతనగునా అను సంశయము తీరినది. చేతనగునట్లు ఇంటి స్త్రీ తన వారమును ఎట్లు దిద్దుకొనవలెననునదే మిగిలిన ప్రశ్న.

మన ప్రాంతమున ఈ ప్రశ్న వట్టి ఊహ కాదు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలో పరుగెత్తవలెనని నిబంధన చేసిరి. దానికై తెల్లవారుజామున మైదానముల చుట్టు తిరుగు ఆడుపిల్లలు సూర్యాపేటకుగాని, కోదాడకుగాని, మిర్యాలగూడకుగాని వింత కారు. 2011లో మొదలైన హైదరాబాదు మారథాను సాధారణముగా ఆగస్టు మాసాంతమున జరుగును. అందు పూర్తి దూరముతోపాటు 21, 10 కిలోమీటర్ల పరుగులును కలవు. పిల్లలు పెద్దవారైన పిదప ఆరోగ్యమునకై నడక మొదలుపెట్టి, నడక పరుగై, పరుగు పట్టుదలయైన గృహిణులు ఆ పందెమువైపు చూచుట సహజమే.

అట్టివారు మొదట తెలిసికొనదగినది ఒక్కటి. పరుగువలన బలము కలుగుననుట సగము నిజము మాత్రమే. పరుగెత్తునపుడు కండరములు సూక్ష్మముగా చెడును. వానిలో దాచియున్న శక్తి వ్యయమగును. ఆ చెడినది బాగుపడి, మునుపటికంటె గట్టిపడుట విశ్రాంతికాలముననే జరుగును. పాలకు తోడు వేసిన పిదప గిన్నెను మాటిమాటికి కదపినచో పెరుగు తోడుకొనునా? దేహమును అట్టిదే. పైగా అన్ని అంగములు ఒకే వేగమున గట్టిపడవు. ఊపిరి, గుండె కొలది వారములలోనే అలవాటుపడును. ఎముకలకును, కండరములను ఎముకలకు బిగించు నరములవంటి పట్టీలకును నెలలు పట్టును. అందువలననే రెండవ నెలలో “నాకు ఆయాసమే లేదు, ఇంకను పరుగెత్తగలను” అనుకొన్న స్త్రీకి మూడవ నెలలో పిక్కయెముక నొప్పియో, మడమ పోటో ఆరంభమగును.

ఇప్పటికే 8 కిలోమీటర్లు ఆగక పరుగెత్తగల స్త్రీ తన వారమును ఈ విధముగా ఏర్పఱచుకొనవచ్చును. మంగళవారము 4, గురువారము 5, శనివారము 3, ఆదివారము 8. మొత్తము 20 కిలోమీటర్లు. తక్కిన మూడు దినములు పరుగు లేదు. రెండవ వారము 4, 5, 4, ఎనిమిదిన్నర. మూడవ వారము 5, 5, 4, 9. నాలుగవ వారము పెంచక 4, 4, 2, 7తో సరిపెట్టి, అయిదవ వారము తొమ్మిదిన్నరతో మరల మెట్టెక్కవలెను. మూడు వారములు ఎక్కుట, ఒక వారము దిగుట, ఇదియే క్రమము. ఈ క్రమమున నెలలు గడచి చివరకు చేరు శిఖరవారము 8, 10, 4, 28. మొత్తము 50 కిలోమీటర్లు. ఈ పరుగులన్నియు ప్రక్కన వచ్చువారితో మాటలాడుటకు వీలగు నెమ్మదితనముతోనే సాగవలెను. ఇంతవఱకు ఎన్నడును పరుగెత్తనివారు మూడు నెలలు వడిగా నడచి, నడకలో నడుమ నడుమ పరుగును కలిపి, మొదటి యేట 10, మఱుసటి యేట 21 కిలోమీటర్ల పందెములతో తృప్తిపడుట మేలు.

ఎంత పెంచవచ్చును? వారమునకు నూటికి పదివంతులకు మించరాదని పరుగుగాండ్రలో వాడుక కలదు. నెదర్లాండ్సు దేశపు గ్రోనింగెను నగరమున 532 మంది క్రొత్తవారిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గముచేత ఈ నియమమును పాటింపజేసిరి. 2008లో ప్రకటింపబడిన ఫలితములను చూడగా, రెండు వర్గములలోను ఇంచుమించు అయిదుగురిలో ఒకరు గాయపడినట్లు తేలెను. పది అను అంకెలో మంత్రము లేదన్నమాట. 2025లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన 5,200 మందికి పైగా పరుగెత్తువారిని గమనించెను. గడచిన 30 దినములలో తాము పరుగెత్తిన అత్యధిక దూరమునకు నూటికి పదివంతులకు మించి ఒక్క పూటలో పెంచినవారికే గాయములు హెచ్చుగా కలిగినట్లు అందు కనబడెను.

గృహిణులు ఈ రెండవ మాటను కొంగున ముడివేసికొనదగును. మంగళవారము చుట్టములు వచ్చిరి, గురువారము బిడ్డకు జ్వరము, శనివారము నల్లా నీరు రాలేదు. తప్పిపోయిన ఆ 12 కిలోమీటర్లను ఆదివారపు పరుగునకు చేర్చి ఒక్కసారిగా తీర్చివేయ జూచుట మన ఇండ్లలో జరుగు పొరపాటు. తప్పిన పరుగు తప్పినదే. అది తీర్చవలసిన బాకీ కాదు. ఆదివారము ముందనుకొన్న దూరమునే పరుగెత్తవలెను.

ఇక పరుగుల పుస్తకములలో కానరాని లెక్క యొకటి కలదు. భారత ప్రభుత్వము 2019లో దేశప్రజలు కాలమును ఎట్లు గడపుచున్నారో విచారించినపుడు, ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును ఆ పనికి వెచ్చించుచున్నట్లు తేలెను. ఇంచుమించు అయిదు గంటలు! పరుగు ముగించి వచ్చిన పురుషుడు వాలుకుర్చీలో కూర్చుండి కాఫీ అడుగును; పరుగు ముగించి వచ్చిన స్త్రీ తిన్నగా పొయ్యివద్దకు పోవును. ఆమె కాళ్లకు ఆ నిలుకడ విశ్రాంతి కాదు. సాగర్ ఎడమకాలువ క్రింద నాట్లు పడు దినములలో పొలమున వంగి పనిచేయు స్త్రీకిని, కూలీలకు అన్నము వండి పంపు ఇల్లాలికిని ఆ దినము వేఱుగా వ్యాయామమే అక్కఱలేదు. కావున వారపు లెక్కలో కిలోమీటర్ల సరసన ఇంటి బరువును గూడ వ్రాసికొనవలెను. పండుగ వంటలు, పెండ్లిపనులు, నాట్లు ఉన్న వారము దానంతటదియే దిగుడువారము కావలెను.

దీనినిబట్టి విశ్రాంతి అనునది స్త్రీకి తనంత వచ్చునది కాదని స్పష్టమగుచున్నది. దానిని ముందుగా నిర్ణయించి, ఇంటివారితో చెప్పి, సంపాదించుకొనవలెను. ఆదివారము దూరపు పరుగు ఉన్నచో ఆనాటి ఉదయపు ఫలహారము ఎవరిది? సోమవారము బట్టలు ఆరవేయువారెవరు? ఈ రెండు ప్రశ్నలకు ఇంట సమాధానము దొరికిన పిదపనే పందెమునకు పేరు నమోదు చేయించుకొనుట యుక్తము. అత్తగారును, పెనిమిటియు, ఎదిగిన పిల్లలును తలకొక పని పంచుకొన్నచో అది ఉపకారము కాదు, ఇంటి ధర్మమే. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవదలచిన స్త్రీ రాత్రి తొమ్మిదికే పండుకొనవలెను. పదకొండు గంటలవఱకు వంటయిల్లు సర్ది, నాలుగింటికి లేచి పరుగెత్తుట ఆరోగ్యమును చేతులార చెఱచుకొనుటయే. నిద్ర చాలని దినమున పరుగు మానుటయే శిక్షణ.

రక్తబలము సంగతియు ఇంతే ముఖ్యము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. రక్తము తక్కువైనచో కండరములకు ప్రాణవాయువు చాలదు. ఎంత అభ్యాసము చేసినను ఆయాసమే మిగులును. శిక్షణకు పూర్వమే హిమోగ్లోబిను పరీక్ష చేయించుకొనవలెను. గర్భవతులు కాని స్త్రీలకు అది డెసిలీటరునకు 12 గ్రాములకు తక్కువైనచో వైద్యుని సలహాపై చికిత్స పొంది, పిదపనే దూరము పెంచవలెను. తోటకూర, గోంగూర, పప్పులు, నువ్వులు, తినువారికి మాంసము, చేపలు మేలు. భోజనమున నిమ్మరసము కలిసినచో ఇనుము బాగుగా పట్టును. భోజనముతో టీ త్రాగినచో పట్టదు. పరుగు మొదలుపెట్టి అన్నము తగ్గించుట తగదు. ఇంటిల్లిపాది తినగా మిగిలినది తిను అలవాటు అంతకంటెను తగదు. శిక్షణకాలమున నెలసరి తప్పుట కొందఱు సామాన్యమనుకొందురు. గర్భము కానిచో అది దేహమునకు ఆహారము చాలకపోవుటకు గుర్తు కావచ్చును. వెంటనే వైద్యురాలిని చూడవలెను.

మన యెండల మాట మఱవరాదు. ఆగస్టు పందెమునకు చాలినంత వ్యవధి లేక వసంతమున సాధన మొదలుపెట్టినవారికి దీర్ఘమైన పరుగులు సరిగా రోహిణి కార్తెలో వచ్చి పడును. రోళ్లు పగులు ఆ యెండలలో అది ప్రాణాపాయము. కావున కార్తీకమాసమున ఆరంభించి, శివరాత్రినాటికి ఆదివారపు పరుగును 18 కిలోమీటర్లకు తెచ్చి, వేసవి అంతయు దానిని మించక, ఉదయము ఆరున్నరలోపల ముగించుచు రావలెను. వడగాలి దినములలో అదియు మానవచ్చును. మృగశిర చల్లబడిన పిదప మెల్లగా మరల ఎక్కవచ్చును. పరుగున దాహమునకు తగినంత త్రాగవలెను. వట్టి నీరే మితిమీరి త్రాగినచో రక్తములో ఉప్పు పలుచనై ప్రమాదము కలుగును. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసము మనకు చిరపరిచితములు. ఇక చోటు విషయము: రహదారిమీదను, ధాన్యపు లారీలు తిరుగు మిర్యాలగూడ మిల్లుల బాటలమీదను చీకటివేళ పరుగెత్తరాదు. పాఠశాలల, కళాశాలల మైదానములు శ్రేష్ఠము. కాలువగట్టు మెత్తని బాటయే కాని తోడు లేక పోరాదు.

ఒకే చోట నొప్పి, వ్రేలితో నొక్కి చూపగలిగినంతటి నొప్పి, దినదినము హెచ్చుచున్నచో పరుగు ఆపవలెను. రెండు కాళ్లయందును సమముగా ఉండు తీపు ఒకటి రెండు దినములలో తగ్గును, దానికి భయపడనక్కఱలేదు. పందెమునకు ముందు మూడు వారములు దూరమును దించుచు రావలెను: 50 కిలోమీటర్ల పిదప వారము 36, ఆపై 25, చివరి వారము రెండు మూడు చిన్న పరుగులు మాత్రమే. ఆ దినములలో క్రొత్తగా బలము చేరదు. చేరిన బలము నిలుచును. పందెము ముగిసిన పిదప ఒక వారము నడకయే చాలును.

సోదరీమణులారా! గోడమీది క్యాలెండరులో పాల లెక్కయు, గ్యాసుబండ వచ్చిన తేదియు వ్రాసికొనుట మనకు అలవాటే. ఆ గడులలోనే పరుగు దినమున కిలోమీటర్లను, పరుగు లేని దినమున “విశ్రాంతి” అను మాటను ఇంటివారందఱికి కనబడునట్లు వ్రాయుడు. ఆ మాట వ్రాసిన దినమున ఎవరైన పనికి పిలిచినచో, వేలుతో క్యాలెండరును చూపుడు.