వలయాలు లెక్కపెట్టే వేట
అలాస్కా కొండల్లో గైడు వెంట అడవి గొర్రెల కోసం

ఉత్తర అమెరికా ఖండానికి వాయవ్య మూలన, చెట్లు మొలవని ఎత్తుల్లో, తెల్లటి అడవి గొర్రెలు బతుకుతాయి. అమెరికా ప్రకృతి పరిశోధకుడు విలియం హీలీ డాల్ పేరు మీదుగా 1884లో వీటికి డాల్ గొర్రెలని పేరు వచ్చింది. అలాస్కా రాష్ట్రంలోని బ్రూక్స్, రాంగెల్, చుగాచ్ పర్వతశ్రేణులు, కెనడాలోని యూకాన్, మెకెంజీ కొండలు వీటి నెలవు. వీటికి దాయాదులైన స్టోన్ గొర్రెలు మరికొంత దక్షిణాన, బ్రిటిష్ కొలంబియా ఉత్తర భాగంలో ఉంటాయి. వాటి ఒంటి రంగు బూడిద నుంచి నలుపు దాకా మారుతుంది.

అలాస్కాలో చాలాచోట్ల ఈ గొర్రెల వేట ఆగస్టు 10న మొదలై సెప్టెంబరు 20న ముగుస్తుంది. ఆ నలభై రెండు రోజుల్లో కొండెక్కే వేటగాడు, అతని వెంట ఉండే గైడు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఎదురుగా కనిపిస్తున్న పొట్టేలు వయసెంత? జవాబు నిక్కచ్చిగా తెలిస్తేనే తుపాకీ ఎత్తాలి. తెలియకపోతే వదిలేసి రావాలి.

కొమ్ములో దాగిన వయసు

జింక కొమ్ములు ఏటా రాలి కొత్తవి వస్తాయి. గొర్రె కొమ్ములు రాలవు, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. వేసవిలో మేత పుష్కలంగా ఉన్నప్పుడు పెరుగుదల జోరుగా సాగి, చలికాలంలో దాదాపుగా ఆగిపోతుంది. ఆగిన చోట కొమ్ము చుట్టూ ఒక గాడి పడుతుంది. కోసిన చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టే ఈ గాడులను లెక్కపెట్టి జంతువు వయసు చెప్పవచ్చు. పొట్టేలు కొమ్ము రెండు మూడేళ్లకు సగం చుట్టు, నాలుగైదేళ్లకు ముప్పావు చుట్టు, ఏడెనిమిదేళ్లకు పూర్తి చుట్టు తిరుగుతుంది. పన్నెండేళ్లు దాటిన పొట్టేలు బాగా ముసలిదే. ఆడ గొర్రెల కొమ్ములు మాత్రం పొట్టిగా, సన్నగా ఉండిపోతాయి.

ఈ గాడులు శాస్త్రానికీ పనికొచ్చాయి. అడాల్ఫ్ మ్యూరీ అనే జీవశాస్త్రవేత్త అలాస్కాలోని దేనాలీ కొండల్లో తోడేళ్లకూ గొర్రెలకూ ఉన్న సంబంధాన్ని పరిశోధిస్తూ, చచ్చిన గొర్రెల పుర్రెలను వందల సంఖ్యలో సేకరించి వాటి వయసు లెక్కగట్టాడు. తోడేళ్లకు చిక్కేవి ఎక్కువగా పసికూనలు, ముసలివి, జబ్బుపడినవి అని ఆయన 1944లో ప్రచురించిన గ్రంథంలో తేల్చాడు. ఆ పుర్రెల్లో 608 వివరాలతో ఎడ్వర్డ్ డీవీ 1947లో రూపొందించిన ఆయుర్దాయ పట్టిక నేటికీ జీవావరణ శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది.

వేట నియమం కూడా కొమ్ము మీదే నిలబడింది. అలాస్కాలో సాధారణంగా మూడు రకాల పొట్టేళ్లనే వేటాడనిస్తారు. ఒక కొమ్మైనా పూర్తి చుట్టు తిరిగి ఉండాలి. లేదా రెండు కొమ్ముల కొనలూ విరిగి ఉండాలి. అదీ కాకపోతే వయసు ఎనిమిదేళ్లకు తగ్గకూడదు. ఆడ గొర్రె మూడు నాలుగేళ్లకు గానీ తొలి ఈత ఈనదు, ఈతకు ఒక్క పిల్లే. ఇంత నిదానంగా పెరిగే మందలో తల్లులనూ, వయసులో ఉన్న మగవాటినీ ముట్టుకోకుండా, ఆయుష్షు చివరికి వచ్చిన కొద్దిపాటి పొట్టేళ్లనే తీసుకోవాలన్నది ఈ నియమం వెనుక ఆలోచన.

గైడు లేనిదే అడుగు పడదు

అలాస్కా వాసులు గైడు లేకుండా వేటాడవచ్చు. ఇతర రాష్ట్రాల అమెరికా పౌరులు అడవి గొర్రెను, కొండమేకను, గోధుమరంగు ఎలుగుబంటిని వేటాడాలంటే లైసెన్సు ఉన్న గైడునో, అలాస్కాలో నివసించే దగ్గరి బంధువునో వెంటబెట్టుకోవాలి. అమెరికాలో స్థిరనివాసం లేని విదేశీ పౌరులకు ఏ పెద్ద జంతువు వేటకైనా గైడు తప్పనిసరి. కెనడాలో యూకాన్, బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వాలు కొండ ప్రాంతాలను విభజించి వేట నిర్వాహకులకు కేటాయించాయి. బయటివారు సాధారణంగా వారి ద్వారానే వెళ్లాలి.

గైడు కావాలంటే ఏళ్ల తరబడి సహాయకుడిగా పనిచేసి, పరీక్షలు గట్టెక్కాలి. అలాస్కాలో ఒక రిజిస్టర్డ్ గైడు మూడు ప్రాంతాలకు మించి వేట నడపడానికి వీల్లేదు. అందువల్ల తన లోయల్లో ఏ మంద ఎక్కడ మేస్తుందో, ఏ పొట్టేలు వచ్చే ఏడాదికి నిండు వయసుకు వస్తుందో అతనికి తెలిసిపోతుంది. ఇలాంటి యాత్రకు పదుల వేల డాలర్లు ఖర్చవుతుంది. అంత డబ్బు పోసి వచ్చిన మనిషితో కూడా "ఇది చిన్నది, కాల్చవద్దు" అని చెప్పగలగడమే మంచి గైడు లక్షణం.

లోయలోకి ప్రయాణం

ఈ కొండల్లో రోడ్లు చాలా తక్కువ. ఇద్దరు మాత్రమే పట్టే సూపర్ కబ్ లాంటి చిన్న విమానాలు, లావుపాటి మెత్తని టైర్లతో, ఏటి ఒడ్డున గులకరాళ్ల మీదే దిగుతాయి. బ్రిటిష్ కొలంబియా ఉత్తర భాగంలోనూ, యూకాన్‌లోనూ గుర్రాల మీద సామాను వేసుకుని రోజుల తరబడి సాగే పాత పద్ధతి ఇంకా ఉంది. విమానం దిగిన రోజే వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున మూడు దాటాలి. వేట కాలంలో గొర్రెలను వెతకడానికి విమానం తిప్పడం కూడా అలాస్కాలో నిషేధం.

దిగిన చోటి నుంచి గుడారం, తిండి, పడక అన్నీ వీపు మీదే. ఆగస్టులోనే మంచు కురవవచ్చు. పొగమంచు కమ్మితే రోజంతా గుడారంలోనే గడుస్తుంది. హిమానీనదాల నుంచి వచ్చే ఏర్లు ఎండెక్కేకొద్దీ పొంగుతాయి కాబట్టి, వాటిని తెల్లవారుజామున దాటడమే క్షేమం. తినగా మిగిలిన మాంసం వాసన ఎలుగుబంటిని రప్పిస్తుంది గనుక దాన్ని గుడారానికి దూరంగా ఉంచుతారు.

చూపు, గాలి, ఓపిక

వేటలో ఎక్కువ సమయం కూర్చుని చూడడానికే పోతుంది. ముందు బైనాక్యులర్‌తో కొండవాలు మొత్తం గాలిస్తారు. తెల్లటి చుక్క కనిపిస్తే ముక్కాలి మీద నిలిపిన దూరదర్శినితో పరీక్షిస్తారు. అది రాయి కావచ్చు, మంచుముద్ద కావచ్చు, ఆడ గొర్రె కావచ్చు. వేసవిలో పెద్ద పొట్టేళ్లు ఆడవాటికి దూరంగా చిన్న గుంపులుగా తిరుగుతాయి. కింది నుంచి వచ్చే ఆపద కనిపించేలా, అవసరమైతే రాతికొమ్ముల్లోకి పరుగు తీసేలా ఎత్తైన చోట పడుకుంటాయి.

వాటి చూపు చాలా చురుకు. ఎదురుగా ఎక్కి వెళ్లేవాడు ఆమడ దూరం నుంచే దొరికిపోతాడు. అందుకే గైడు కొండ వెనుక నుంచి చుట్టు తిరిగి, గొర్రెలకు పైనుంచి దిగే దారి వెతుకుతాడు. గాలి లెక్క కూడా తప్పకూడదు. రాత్రి చల్లబడిన గాలి తెల్లవారుజామున లోయలోకి దిగుతుంది, ఎండ కాసిన తరువాత పైకి మళ్లుతుంది. మనిషి వాసన తగిలితే మంద శిఖరం దాటిపోతుంది, రోజంతా పడ్డ శ్రమ వృథా అవుతుంది.

చేరువైన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. కొమ్మును పక్క నుంచి, ఎదుటి నుంచి చూడాలి. చుట్టు పూర్తయిందా, కొనలు అరిగాయా విరిగాయా, గాడులు ఎన్ని అని గంటల తరబడి గమనించాలి. పొట్టేలు తల తిప్పే వరకూ చలిలో కదలకుండా పడుకోవాలి. లేత వయసులో పడే పైపై గీతలను గాడులుగా లెక్కపెడితే వయసు ఎక్కువ తేలుతుంది, నేరం అంటుకుంటుంది.

మాంసం దిగాకే కొమ్ము

పొట్టేలు పడిన తరువాత తినదగిన మాంసమంతా, మెడ, పక్కటెముకల మీదిది సైతం, కిందికి చేర్చాలి. మాంసాన్ని కొండ మీద వదిలి కొమ్ములు తెచ్చుకోవడం అలాస్కాలో శిక్షార్హమైన నేరం. మాంసం, తోలు, తల కలిస్తే ఒక మనిషి మోయగల బరువుకు మించుతుంది కాబట్టి గైడూ వేటగాడూ పంచుకుని రాళ్లు జారే వాలులో మెల్లగా దిగుతారు. ముప్ఫై రోజుల్లోగా కొమ్ములను రాష్ట్ర వన్యప్రాణి విభాగానికి చూపాలి. అక్కడి సిబ్బంది వాటిని కొలిచి, గాడులు లెక్కపెట్టి, కొమ్ములో అంకె ఉన్న ముద్ర బిగిస్తారు. ఇలా పోగయ్యే వివరాలే మరుసటి ఏటి నిర్ణయాలకు ఆధారం.

నియమాలకు లొంగని చలికాలం

అహత్నా, గ్విచిన్, టాల్టాన్ వంటి ఆదివాసీ జాతులు తరతరాలుగా ఈ గొర్రెల మాంసం మీద ఆధారపడ్డాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో గనుల శిబిరాలకు మాంసం అమ్మే వేటగాళ్లు దేనాలీ ప్రాంతపు మందలకు ముప్పుగా మారారు. 1906లోనూ, మళ్లీ 1907-08లోనూ అక్కడ గడిపిన చార్లెస్ షెల్డన్, స్వయంగా వేటగాడైనా, ఆ కొండలకు రక్షణ కోరుతూ పట్టుబట్టాడు. ఫలితంగా 1917లో మౌంట్ మెకిన్లీ జాతీయ వనం ఏర్పడింది. నేటి దేనాలీ జాతీయ వనానికి మూలం అదే. తుపాకులు, మందుగుండు మీది పన్నును 1937 నాటి అమెరికా చట్టం వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది, అది నేటికీ చేరుతోంది. భారతదేశం వేరే దారి ఎంచుకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లద్దాఖ్ కొండల్లోని అడవి గొర్రెలను వినోదం కోసం వేటాడడానికి ఇక్కడ వీలు లేదు.

ఇంత జాగ్రత్త ఉన్నా అలాస్కాలో చాలా ప్రాంతాల్లో డాల్ గొర్రెలు గత పదేళ్లుగా బాగా తగ్గాయి. చలికాలం నడుమ వాన పడి, ఆ నీరు గట్టి మంచుపొరగా బిగుసుకుంటే, గొర్రెలు గిట్టలతో తవ్వినా మేత అందదు. వసంతం ఆలస్యమైతే పిల్లలు నిలవవు. పెంపుడు గొర్రెలు, మేకల నుంచి సోకే న్యుమోనియా కారక సూక్ష్మజీవి డాల్ గొర్రెల్లోనూ ఉన్నట్టు 2018లో బయటపడింది. వయసు నియమం వేటగాడి చేతిని ఆపగలదు గానీ మంచును ఆపలేదు. అందుకే మందలు పలచబడిన కొన్ని ప్రాంతాల్లో బయటివారి వేటను ఆపారు, మరికొన్నిచోట్ల అందరి వేటనూ మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరవాలన్నది పిల్లలు ఎన్ని నిలిచాయో, ఆడ గొర్రెలు ఎన్ని మిగిలాయో చూసి అధికారులు నిర్ణయిస్తారు.