వేవిళ్లే గదా అనవద్దు



కొన్నేళ్ల క్రిందట మేము అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, లక్షెట్టిపేట వైపు పల్లెలలో పరిచర్య చేస్తున్న దినములవి. మన సంఘములోని ఒక ఇంటి కోడలికి మూడవ నెల. రాత్రింబగళ్లు వాంతులే. "మేం కనలేదా? వేవిళ్లకే మంచమెక్కితే ఎట్ల?" అన్నది అత్తగారు. మేమును ఓర్పును గూర్చి నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేసి వచ్చాము.

వారం తరువాత వెళ్లేసరికి ఆ బిడ్డ లేచి కూర్చోలేకపోయింది. "అయ్యగారూ, నీళ్లు గూడ ఆగుతలేవు" అన్నది. అప్పటికప్పుడు జీపు మాట్లాడి, గోదావరి దాటి కరీంనగర్ తీసుకొనిపోయాము. సెలైన్ పెట్టిస్తూ డాక్టరమ్మ అడిగినది ఒక్కటే: "ఇన్ని దినాలు ఎందుకు ఆగారు?" మా దగ్గర జవాబు లేదు.

ఇది అందరికీ వచ్చే వేవిళ్లు కాదు. వైద్యులు దీనిని హైపరెమెసిస్ గ్రావిడారమ్ అంటారు. నూరుమంది గర్భిణులలో ఒకరి నుండి ముగ్గురికి వస్తుందని అంచనా. దీని మీద 2017లో ఇంగ్లండులోని విండ్సర్‌లో అంతర్జాతీయ వైద్య పరిశోధన సమావేశము జరిగింది. తరువాత 2021లో "విండ్సర్ నిర్వచనము" వెలువడింది. దానిని తయారుచేయుటలో వైద్యులతోపాటు ఈ బాధ అనుభవించిన తల్లులును పాలుపొందారు. 16 వారాలలోపు మొదలై, వికారము గాని వాంతులు గాని తీవ్రముగా ఉండి, సరిగా తిననివ్వక, త్రాగనివ్వక, రోజువారీ పనులు చేసుకోనివ్వకపోతే అది ఈ వ్యాధియే. అంటే పరీక్షల కాగితము కన్న ముందు తల్లి మాట వినాలన్నమాట.

అమెరికా శాస్త్రవేత్త మార్లీనా ఫెజో 1999లో ఈ వ్యాధితోనే తన గర్భములోని శిశువును పోగొట్టుకున్నారు. ఆమెయు, కేంబ్రిడ్జ్ పరిశోధకులును కలిసి 2023 డిసెంబరులో దీని ముఖ్య కారణమును ప్రకటించారు. గర్భములోని శిశువు, మాయల నుండి వచ్చే జి.డి.ఎఫ్.15 అనే హార్మోను కొందరు తల్లులకు సరిపడదు. గర్భమునకు ముందు అది ఒంట్లో తక్కువగా ఉన్నవారికి బాధ ఎక్కువ. కాబట్టి ఇది గారాబము కాదు, సోమరితనము కాదు, అవిశ్వాసము అసలే కాదు.

మందిరములో మౌనముగా ప్రార్థించుచున్న హన్నాను చూచి ఏలీ ఆమె మత్తురాలనుకొన్నాడు (1 సమూ. 1). ఆమె నోరు విప్పి తన దుఃఖము చెప్పుకొన్న తరువాతనే ఆశీర్వదించాడు. యాజకుడే పొరపడ్డాడు. మేమును పొరపడ్డాము.

అత్తలారా, భర్తలారా! దినమంతా నీళ్లు నిలువకపోయినా, మూత్రము తగ్గి ముదురు రంగులో వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఆలస్యము చేయక 108కి ఫోన్ చేయండి. ఊళ్లో గ్లూకోజు సీసా పెట్టించి ఊరుకోవద్దు. చాలా దినములు తిండి లేనివారికి గ్లూకోజు కన్న ముందు విటమిన్ బి1 ఇవ్వాలి. లేనియెడల మెదడు దెబ్బతినే ప్రమాదమున్నది. గర్భిణులకు ఇవ్వదగిన వాంతుల మాత్రలున్నవి. డాక్టరును అడిగి వాడవచ్చును.

ఆ సహోదరి కోలుకొని ఆడబిడ్డను కన్నది. దేవునికి స్తోత్రము. అయినను ఆ వారం దినములు మేము మరువలేదు. ఇప్పుడు గర్భవతి ఉన్న ఇంటికి వెళ్తే ప్రార్థనకు ముందే అడుగుతాము: "అమ్మా, నీళ్లు ఆగుతున్నవా?"