కొందఱి మేను త్వరగా కములుట యేల?

బస్తాలు దింపుచుండగా ఇద్దఱు రైతులకు ఒకే విధమైన దెబ్బ తగులును. ఒకనికి మఱునాటికి జాడయే యుండదు. రెండవవానికి అరచేయంత మేర నల్లగా కమిలి పదిదినములు నిలుచును. అది వాని దౌర్బల్యమని తలంచువారు పెక్కురు. ఎల్లప్పుడును అట్లు కాదు.

చర్మము చిట్లకుండగనే దాని క్రింది సన్నని రక్తనాళములు తెగి, నెత్తురు లోపలనే వ్యాపించుటయే కములుట. చర్మము యొక్క దళసరి, నాళముల గోడల గట్టితనము, నెత్తురు గడ్డకట్టు శక్తి, ఈ మూడింటిని బట్టి మచ్చ పెద్దదో చిన్నదో యగును.

వయసు మీఱిన కొలది చర్మము పలుచనగును. దాని క్రింది క్రొవ్వు తఱుగును. ఏండ్ల తరబడి యెండకు కాగిన ముంజేతులపై నిది స్పష్టముగ గానవచ్చును. ఉసిరిక, జామ, నిమ్మపండ్లయందలి సి విటమిను మిక్కిలి కొఱవడినచో నాళముల గోడలు బలము తప్పును. నెత్తురు గడ్డకట్టుటకు ఆకుకూరలయందలి కె విటమిను కావలెను.

ఈ మూడవ విషయమున పశువులు నేర్పిన పాఠమొకటి గలదు. 1920 తరువాతి యేండ్లలో కెనడా, అమెరికా దేశములందు పశువులు చిన్న గాయమునకే నెత్తురోడి చచ్చుచుండెను. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అను పశుగ్రాసమే హేతువని పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డు కనుగొనెను. 1933లో విస్కాన్సిన్ రైతొకడు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురు నింపిన పాలడబ్బాను, ఆ గ్రాసమును వేసికొని మంచుతుపానులో విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట కార్ల్ లింకు బృందము ఏండ్లు శ్రమించి అందలి విషమును వేఱుచేసెను. ఆ పరిశోధన నుండి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగను, 1954 నుండి మనుష్యులకు ఔషధముగను వాడుకలోనికి వచ్చెను.

నేడు మన పొలములలో వాడు బ్రోమాడయొలోన్ ఎలుకల మందు ఆ జాతిదే. దానిని తిన్న బిడ్డకు ఆనాడేమియు తోపదు. కొన్ని దినములకు గాని మచ్చలు కానరావు, చిగుళ్ల నెత్తురు కానరాదు. మఱికొన్ని ఎలుకల మందులు వేఱుజాతివి. అవి గంటలలోనే ప్రాణము తీయగలవు. కావున బిడ్డ బాగుగనే యున్నదని ఊరకుండక, మందు పొట్లముతో సహా తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను. బ్రోమాడయొలోనుకు కె విటమినుతో చికిత్స గలదు.

గుండెజబ్బునకు ఆస్పిరిన్, వార్ఫరిన్ పుచ్చుకొనువారు మచ్చలు చూచి తమంతట మానరాదు, వైద్యునికి చెప్పవలెను. దెబ్బ తగులకయే మచ్చలు పుట్టినను, జ్వరముతో ఎఱ్ఱని చుక్కలు లేచినను, ముక్కునుండి నెత్తురు కాఱినను జాగు చేయరాదు. డెంగీ జ్వరమునందును ఇట్లు కలుగును.

సభ్యులెల్లరు ఎలుకల మందును తినుబండారముల చెంత నుంచక, పేరుగల పొట్లముననే తాళము వేసిన పెట్టెలో దాచవలెనని మనవి.