విమానంలో సగానికి పైగా ఎవరు చేశారు?



మీలో చాలామంది పిల్లల్ని బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయించి ఉంటారు. గోదావరిలో స్నానం, జ్ఞాన సరస్వతి అమ్మవారి దర్శనం, ఆ తర్వాత పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టి పలక మీద తొలి అక్షరాలు దిద్దించడం. ఆ రోజు బలపం పిల్లల చేతిలోనే ఉంటుంది, కానీ రాసేది మనం. ఇంటికొచ్చాక కొన్నాళ్లకు వాళ్లే వంకరటింకరగా ‘అ’ రాసుకొచ్చి చూపిస్తారు. ఆ వంకర అక్షరం చూసినప్పటి సంతోషమే వేరు.

ఐదారేళ్లు గడిచాక సైన్స్ ఎగ్జిబిషన్ వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ‘మమ్మీ, రేపే ప్రాజెక్ట్ ఇవ్వాలి’ అంటారు. షాపులో రెడీమేడ్ మోడల్ దొరుకుతుంది. దొరక్కపోతే నాన్న కూర్చుని థర్మాకోల్ కోస్తాడు, అమ్మ చార్టు రాస్తుంది. పాప పక్కనే నిద్రపోతుంది. మళ్లీ చెయ్యి మనదే.

ఎంతవరకు చేస్తే అది సాయం? ఎంత దాటితే పిల్లల పనిని మనం లాక్కున్నట్టు? ఈ ప్రశ్నకు ఒక లెక్క పెట్టుకుని, దాని ప్రకారమే నడుచుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇంట్లో, ఖాళీ సమయంలో నిజమైన విమానాలు తయారుచేసుకునేవాళ్లు.

డబ్బాల్లో వచ్చే విమానం

కరోనా లాక్‌డౌన్ రోజుల్లో బ్రిటన్‌లో ఉంటున్న కేరళ ఇంజినీరు అశోక్ తామరాక్షన్ ఇంటి దగ్గరే నాలుగు సీట్ల విమానం కట్టడం మొదలుపెట్టారు. దక్షిణాఫ్రికాకు చెందిన స్లింగ్ అనే కంపెనీ కిట్‌గా అమ్మే విమానం అది. దాదాపు ఏడాదిన్నర శ్రమ, కోటి రూపాయలకు పైగా ఖర్చు. 2022లో కుటుంబంతో కలిసి అందులో యూరప్ దేశాలకు వెళ్లొచ్చారు. దానికి ‘జి-దియా’ అని పేరు. బ్రిటన్ విమానాల నంబర్లు ‘జి’తో మొదలవుతాయి, మన దేశానివి ‘విటి’తో మొదలవుతాయి. దియా అన్నది ఆయన చిన్న కూతురి పేరు.

మన దేశంలో పైలట్ అమోల్ యాదవ్ ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం తయారుచేశారు. ఆయనది కిట్ కాదు, సొంత డిజైన్. 2016లో ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనలో దాన్ని జనం చూశారు. 2017లో రిజిస్ట్రేషన్, 2019లో ఎగరడానికి అనుమతి వచ్చాయి.

కిట్ అంటే అన్నీ బిగించి, రంగు వేసి పంపేది కాదు. అల్యూమినియం రేకులు, పక్కటెముకల్లాంటి ముక్కలు, బోల్టులు, డబ్బాల కొద్దీ రివెట్లు, లావుపాటి మాన్యువల్ వస్తాయి. అమెరికాలో 1973లో మొదలైన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ కిట్లతో ఇప్పటికి 11 వేలకు పైగా విమానాలు ఎగిరాయి. ఆ కిట్లు విడతలవారీగా కొనుక్కోవచ్చు. మొదట తోక, తర్వాత రెక్కలు, ఆ తర్వాత బాడీ, చివరికి ఇంజిన్, వైరింగ్. తోకతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అది చిన్నది, ఖర్చు తక్కువ. చెయ్యి తిరగడానికి, ఈ పని మనకు పడుతుందా లేదా తెలుసుకోవడానికి అదే పరీక్ష.

51 శాతం లెక్క

ఇలాంటి విమానానికి ‘అమెచ్యూర్ బిల్ట్’ అనే గుర్తింపు రావాలంటే అమెరికా నిబంధన ఒకటుంది. విమానంలో ప్రధాన భాగాన్ని, తాము నేర్చుకోవడానికో సరదాకో ఆ పని చేపట్టినవాళ్లే తయారుచేసి బిగించి ఉండాలి. దీన్ని అందరూ వాడుకలో ‘51 శాతం రూల్’ అంటారు.

ఈ 51 శాతం డబ్బు లెక్క కాదు, బరువు లెక్క కూడా కాదు. పనుల లెక్క. రెక్కలో పక్కటెముక తయారుచేయడం ఒక పని, దాన్ని రెక్కకు బిగించడం ఇంకో పని. అలా జాబితా వేసి ఏది ఫ్యాక్టరీ చేసింది, ఏది ఇంట్లో చేశారు అని చూస్తారు. ఇంజిన్, ప్రొపెల్లర్, చక్రాలు, మీటర్లు సొంతంగా చేయమని ఎవరూ అడగరు. వాటిని కొనుక్కోవచ్చు. కొంత పని ఫ్యాక్టరీలోనే అయిపోయిన ‘క్విక్ బిల్డ్’ కిట్లు కూడా ఉన్నాయి. కానీ అవి కూడా ఆ గీత దాటకూడదు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రధాన భాగం తానే చేసిన వ్యక్తి ఆ విమానానికి ఏటా జరగాల్సిన తనిఖీని తానే చేసుకునేలా అమెరికాలో సర్టిఫికెట్ పొందవచ్చు. అదే విమానాన్ని రేపు ఇంకొకరికి అమ్మితే, కొన్నవారికి ఆ సర్టిఫికెట్ రాదు. విమానం చేతులు మారుతుంది, చేసినప్పుడు వచ్చిన జ్ఞానం మారదు. కొన్న ప్రాజెక్టుతో మార్కులు రావచ్చు. కానీ ‘ఇది ఎలా పనిచేస్తుంది?’ అని టీచర్ అడిగినప్పుడు పాప నేల చూపులు చూసేది ఇందుకే.

ఒక్క రివెట్టు కథ

అల్యూమినియం రేకులతో చేసే విమానంలో పది వేలకు పైగా రివెట్లు పడతాయి. రెండు రేకులు కలిపి రంధ్రం సరిచేయాలి. రంధ్రం అంచున మిగిలే గరుకును నున్నగా తీసేయాలి, లేకపోతే ఏళ్ల తర్వాత పగులు అక్కడి నుంచే మొదలుకావచ్చు. రివెట్టు తల రేకుకు సమంగా కూర్చునేలా రంధ్రం చుట్టూ చిన్న గుంట నొక్కాలి. అప్పుడు రివెట్టు పెట్టి కొట్టాలి. కొట్టిన ప్రతిదాన్నీ గేజితో సరిచూడాలి. వంగితే డ్రిల్లుతో తీసేసి మళ్లీ కొట్టాలి.

ఈ పనికి చాలాచోట్ల ఇద్దరు కావాలి. ఒకరు ముందువైపు నుంచి రివెట్ గన్‌తో కొడతారు, ఇంకొకరు వెనకవైపు ఇనుప దిమ్మె అదిమి పట్టుకుంటారు. భార్య, పిల్లలు, స్నేహితులు చాలామంది అలా దిమ్మె పట్టుకుని సాయం చేసినవాళ్లే. దిమ్మె లేకుండా రివెట్టు పడదు. అలాగని దిమ్మె పట్టుకున్నవారు గన్ లాక్కోరు. ప్రాజెక్టు పనిలో తల్లిదండ్రుల స్థానం అదే.

విమానం కట్టేవాళ్లు తప్పును దాచరు. దాచలేరు కూడా, ఎందుకంటే రేపు అందులో కూర్చునేది వాళ్లూ వాళ్ల పిల్లలే. ఏ రోజు ఏం చేశారో, ఎన్ని గంటలు పట్టిందో, ఏది పాడై మళ్లీ చేశారో ఫొటోలతో సహా లాగ్ బుక్‌లో పెడతారు. ఎవరు చేశారనడానికి అదే సాక్ష్యం. బ్రిటన్‌లో అయితే లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్లు దశలవారీగా చూసి సంతకం పెడతారు. పూర్తయ్యాక మూడు చక్రాల కింద తూకం యంత్రాలు పెట్టి బరువు ఏ చోట నిలుస్తుందో లెక్కగడతారు. ఆ తర్వాత కూడా వెంటనే కుటుంబాన్ని ఎక్కించుకోవడం కుదరదు. అమెరికాలో సాధారణంగా 25 నుంచి 40 గంటల పరీక్షా ప్రయాణాలు ప్రయాణికులు లేకుండానే చేయాలి.

ఒక విమానానికి 1500 గంటలు పడుతుందనుకుంటే, రోజుకు రెండు గంటల చొప్పున రెండేళ్లకు పైగానే. ఒక్క రాత్రిలో అయ్యే ప్రాజెక్టు కాదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో

కోటి రూపాయల కిట్ మనకు అక్కర్లేదు. ఒక థర్మాకోల్ ప్లేటు, 30 సెంటీమీటర్ల సన్నటి వెదురు పుల్ల, టేపు, కొంచెం క్లే చాలు. నిర్మల్ కొయ్యబొమ్మలు చేసేవాళ్లు తేలికైన పొనికి కర్రను ఎంచుకున్నట్టే, ఎగిరే వస్తువుకు కూడా ముందు తేలికైన సామానే వెతకాలి.

1. రెక్క: 30 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు. పుల్ల ముందు కొస నుంచి మూడో వంతు దూరంలో అంటించాలి. రెండు చివరలూ కొద్దిగా పైకి లేపి ఉంచాలి.

2. తోక: 12 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు. వెనక కొసన అంటించి, దాని మీద నిలువుగా ఒక చిన్న ముక్క పెట్టాలి.

3. తూకం: రెక్క కింద, ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో మూడో వంతు దగ్గర రెండు వేళ్ల మీద నిలబెట్టాలి. తోక వాలితే ముక్కుకు క్లే అంటించాలి. సమంగా నిలిచేదాకా ఇదే పని. మూడు చక్రాల కింద తూకం పెట్టేది కూడా దీనికోసమే.

4. పరీక్ష: మెల్లగా, నేలకు సమాంతరంగా వదలాలి. ముక్కు పైకెత్తి ఆగి పడిపోతే క్లే పెంచాలి. నేరుగా నేలకు దిగితే క్లే తగ్గించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

5. నోట్‌బుక్: తేదీ, చేసిన మార్పు, ఎన్ని అడుగులు వెళ్లింది. పిల్లలే రాయాలి, వాళ్ల మాటల్లోనే. పడిపోయినవి కూడా రాయాలి.

మీ వంతు ఎంత?

బ్లేడుతో కోయాల్సిన చోట మీరు కోయండి. సామాను కొనివ్వండి. ఇంజిన్, చక్రాలు కొనుక్కోవడం తప్పు కానట్టే అదీ తప్పు కాదు. కొలిచేది, అంటించేది, తూచేది, విసిరేది, రాసేది మాత్రం పిల్లలే కావాలి. మీ చేతులు ఊరుకోకపోతే ఇంకో ప్లేటు తెచ్చుకుని మీ గ్లైడర్ మీరు చేసుకోండి! ఎవరిది దూరం వెళ్తుందో చూడొచ్చు.

1878లో ఒక తండ్రి ఊరెళ్లి వస్తూ, రబ్బరు బ్యాండుతో పైకెగిరే చిన్న బొమ్మ ఒకటి పిల్లలకు తెచ్చాడు. పెద్దవాడికి 11 ఏళ్లు, చిన్నవాడికి ఏడు. ఆ బొమ్మ ఆడీ ఆడీ విరిగింది. అలాంటివి తర్వాత పిల్లలే సొంతంగా తయారుచేసుకున్నారు. ఆ పిల్లల పేర్లు విల్బర్, ఆర్విల్ రైట్. 1903 డిసెంబరు 17న ఎగిరిన విమానం కూడా వాళ్ల చేతులతో చేసుకున్నదే.

ఈసారి ఎగ్జిబిషన్‌కు మోడల్ పక్కన ఆ నోట్‌బుక్ కూడా పెట్టించండి. రెక్క కొంచెం వంకరగా ఉన్నా, టేపు బయటికి కనిపిస్తున్నా ఫర్వాలేదు. ‘ఇది ఎందుకు ఇలా చేశావు?’ అని టీచర్ అడిగితే, మీ వైపు చూడకుండా మీ పాప జవాబు చెప్పిందా లేదా అన్నది గమనించండి.