యంత్రము చెప్పిన మాటకు ఆధారమేది?

మన ఇండ్లలో ఏ సందేహము వచ్చినా పిల్లలు ఇప్పుడు పెద్దలను అడగడము మాని చేతిలోని ఫోనును అడుగుతున్నారు. కృత్రిమ మేధ అని పత్రికలవారు పేరు పెట్టిన ఈ యంత్రము అడిగిన మరుక్షణమే తెలుగులోనో, కన్నడములోనో, ఇంగ్లీషులోనో తడుముకోకుండా బదులు చెబుతున్నది. అయితే తడుముకోకుండా చెప్పినదంతా నిజము కాదు గదా! 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ చెప్పిన పూర్వపు తీర్పులను నమ్మి కోర్టులో దాఖలు చేసినారు. తీరా విచారిస్తే అటువంటి తీర్పులు ఏ కోర్టూ ఎన్నడూ ఇవ్వలేదని తేలినది. జడ్జిగారు ఆ న్యాయవాదులకూ వారి ఆఫీసుకూ కలిపి 5,000 డాలర్లు జరిమానా విధించినారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఈ యంత్రము లెక్కకు మించిన వ్రాతలను చదివి, ఏ మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ వీలున్నదో నేర్చుకొన్నది. చదివిన పుస్తకములు బీరువాలో దాచుకొని, అడిగినప్పుడల్లా తీసి చూచి చెప్పడము లేదు. జ్ఞాపకము మీద చెబుతున్నది. జ్ఞాపకము చాలనిచోట అతికినట్లుండే మాటను తానే చేర్చుతుంది. చదువు ముగిసిన తేదీ తరువాత జరిగిన సంగతులు దానికి తెలియనే తెలియవు.

దీనికి ఒక మందును 2020లో ఫేస్‌బుక్ కంపెనీ, లండన్ యూనివర్సిటీ కాలేజి, న్యూయార్కు విశ్వవిద్యాలయములకు చెందిన పరిశోధకులు ప్రకటించినారు. దాని పొడుగాటి ఇంగ్లీషు పేరును కుదించి ‘రాగ్’ అంటారు. మావంటి గుమాస్తాలకు ఇది సులభముగానే అర్థమవుతుంది. అర్జీ వచ్చినప్పుడు ఏ ఆఫీసరూ జ్ఞాపకము మీద ఉత్తరువు వేయడు. “పాత ఫైలు పెట్టండి” అంటాడు. మేము రికార్డు గదికి పోయి, ఫైలు వెదకి, కావలసిన పుటకు చీటీ పెట్టి బల్లమీద ఉంచుతాము. ఉత్తరువు ఆ తరువాతనే.

యంత్రము విషయములోనూ అంతే. ముందుగా కాగితములన్నిటినీ చిన్న చిన్న తునకలుగా విభజిస్తారు. ఒక్కొక్క తునకనూ ఒక అంకెల వరుసగా మార్చుతారు. అర్థములో దగ్గరగా ఉన్నవాటి అంకెలు కూడ దగ్గరగానే ఉంటాయి. మన ప్రశ్ననూ అలాగే అంకెలుగా మార్చి, దానికి దగ్గరగా ఉన్న కొద్ది తునకలను పైకి తీసి, “వీటిని చూచి జవాబు చెప్పు” అని యంత్రము ముందు పెడతారు. పైన చెప్పిన పరిశోధకులు ఇంగ్లీషు వికీపీడియాను నూరేసి మాటల తునకలుగా విభజిస్తే అవి 2 కోట్ల 10 లక్షలు అయినవి. ఇందులో లాభములు రెండు. కొత్త కాగితము చేర్చాలంటే యంత్రమునకు మళ్ళీ మొదటినుండి చదువు చెప్పనక్కరలేదు. జవాబు ఏ కాగితములోనిదో చూపించమని మనము అడగవచ్చును.

కాని తునక దొరికినంతమాత్రాన చిక్కు తీరదు. “బళ్ళారి ఏ రాష్ట్రములోనిది?” అని అడిగినామనుకొందాము. 1950 నాటి కాగితము మద్రాసు అంటుంది, 1960 నాటిది మైసూరు అంటుంది, నేటిది కర్ణాటక అంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలోకి వచ్చినవి. బళ్ళారి మైసూరులో చేరినది. ఆ మైసూరు రాష్ట్రమే 1973లో కర్ణాటక అయినది. బరంపురము 1936లో ఒరిస్సాకూ, తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రమునకూ పోయినవి. మనవారు ఉన్న ఊరు కదలలేదు, ఎల్లలే కదిలినవి! ప్రతి కాగితమూ తన తేదీకి నిజమే. తేదీ చూడకుండా ఏదో ఒక తునకను పట్టుకొన్న యంత్రము మాత్రము తప్పు చెబుతుంది.

ఇక్కడనే నాలెడ్జి గ్రాఫు అనేది అక్కరకు వస్తుంది. దీనిని సంబంధముల పటము అనుకోవచ్చును. మన ఇండ్లలోని వంశవృక్షము అటువంటిదే. “రామయ్య సీతమ్మకు అన్న” అని ఒక కాగితములో ఉన్నది. “గోపాలము సీతమ్మ కొడుకు” అని మరొకదానిలో ఉన్నది. గోపాలమునకు మేనమామ ఎవరంటే, ‘మేనమామ’ అనే మాట రెండింటిలోనూ లేదు. తునకలు వెదకే యంత్రము తికమక పడవచ్చును. పటములోనైతే గోపాలము నుండి సీతమ్మకు, సీతమ్మ నుండి రామయ్యకు, రెండడుగులే. ఒక్క జాగ్రత్త మాత్రము అవసరము. ఇంగ్లీషు కాగితములనుండి పటము గీస్తే పినతండ్రీ మేనమామా ఇద్దరూ ‘అంకుల్’ అనే ఒక్క మాటలో కలిసిపోతారు.

గూగుల్ కంపెనీ ఇటువంటి పటమును 2012లో వాడుకలోకి తెచ్చినది. అందరూ ఉచితముగా వాడుకొనగల వికీడేటా కూడ ఆ సంవత్సరమే మొదలైనది. అందులో నేడు 10 కోట్లకు పైగా అంశములున్నాయి. ప్రతి అంశమునకూ ఒక నంబరు ఉన్నందున, ఒకే ఊరిని నాలుగు భాషలలో నాలుగు విధములుగా వ్రాసినా అది ఒకే ఊరని యంత్రము గుర్తిస్తుంది. ప్రతి సంగతికీ ఎప్పటినుండి ఎప్పటివరకు అన్న తేదీలూ, ఆధారమూ జతచేయవచ్చును. బళ్ళారి చిక్కు విడిపోయేది ఆ తేదీలతోనే.

2024లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఈ రెండు పద్ధతులనూ కలిపి ‘గ్రాఫ్‌రాగ్’ అని ప్రకటించినారు. యంత్రమే కాగితములన్నీ చదివి, మనుషులనూ, ఊళ్ళనూ, వాటి సంబంధములనూ ఏరి, దగ్గరివాటిని గుంపులుగా చేర్చి, ఒక్కొక్క గుంపుకు సారాంశము ముందే వ్రాసి ఉంచుతుంది. “ఈ కాగితములన్నీ కలిసి చెప్పేదేమి?” వంటి ప్రశ్నకు జవాబు ఏ ఒక్క కాగితములోనూ ఉండదు గనుక ఇది ఉపకరిస్తుంది. అయితే ఖర్చు ఎక్కువ. పైగా ఏరేటప్పుడు ఇద్దరు రామయ్యలను ఒకరిగా కలిపితే రెండు కుటుంబములూ కలిసిపోతాయి. మనిషి సరిచూడక తప్పదు.

ఇందులో మనకు పట్టవలసిన సంగతి ఒకటున్నది. గదిలో లేని ఫైలును ఏ గుమాస్తా తీయలేడు. తరతరములుగా ఆంధ్ర వెలుపల నివసిస్తున్న మన కుటుంబముల చరిత్ర చాలవరకు పెట్టెలలోని దస్తావేజులలోనూ, వృద్ధుల నోళ్ళలోనూ ఉన్నది. అది వ్రాతలోకి రాకపోతే రేపు మన మనుమలు అడిగినప్పుడు యంత్రము ఊహించి చెబుతుంది, వారు నమ్ముతారు.

కనుక మేము మనవి చేసేది ఇది. వచ్చే సెలవులలో ఇంటి పెద్దల దగ్గర కూర్చొని వ్రాయించండి. ఊరి పేరుతోపాటు నాటి తాలూకా, జిల్లా, రాష్ట్రము, సంవత్సరము వేయండి. చుట్టరికమును తెలుగు మాటలోనే వ్రాయండి. ఏ దస్తావేజులో చూచినదో, ఎవరు చెప్పినదో పక్కన గుర్తుంచండి. జీవించి ఉన్నవారి చిరునామాలు, సొంత వివరములు మాత్రము ఏ యంత్రమునకూ ఇవ్వవద్దు. యంత్రమును అడిగినప్పుడు “ఏ కాగితములో ఉన్నది, ఏ సంవత్సరపుది?” అని కూడ అడిగి, ఆ కాగితమును మీరే తెరచి చదవండి. చూపలేకపోతే ఆ మాటను రచ్చబండ కబురుగానే ఎంచండి.